సైదమ్మ ఫోన్‌లో కనిపించని నోటీసు

మేము చేసే పనికి సూర్యాపేటలో సరైన పేరు లేదు. కొందరు నెట్ పని అనేవారు. కొందరు ‘కంప్యూటర్ మేడమ్’ అని నన్నే పనికి పేరుగా పెట్టేశారు. మా అత్తగారైతే చివరిదాకా మా కోడలు టైపు కొడుతుందనే చెప్పుకున్నారు. అదేమీ అబద్ధం కాదు. పెళ్లిపత్రికలు టైపు చేస్తూ మొదలుపెట్టాను, వెబ్ పేజీలు తయారుచేస్తూ ముగించాను. ఈమధ్యే దుకాణం తాళంచెవి వేరేవాళ్ల చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఏ కోర్సు చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. అవన్నీ ఫోన్‌లోనే దొరుకుతాయి, నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు. నేను చెప్పగలిగింది మూడు ఊళ్లలో చేసిన మూడు పేజీల గురించి మాత్రమే. మూడింటిలోనూ సంగతి ఒకటే, పేజీ మీద ఉన్నవాటిని కదిలించడం. మొదటి రెండింటిలో నవ్వుకునే తప్పులు చేశాను. మూడోదాంట్లో ఒక మనిషి పంట మీదికి తెచ్చాను.

జిరాక్స్ పరీక్ష

నా మొదటి యజమాని ప్రభాకర్ సార్. సూర్యాపేట బస్టాండు దగ్గర ఆయనకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. మనిషి కోపిష్టి. తప్పు దొరికితే కస్టమర్ ముందే కాగితం చింపేసేవారు. ఆ పద్ధతి నాకిప్పటికీ నచ్చదు. నలుగురిలో తిడితే పని రాదు, భయం వస్తుంది. భయపడేవాళ్లు తప్పు దాచిపెట్టడం నేర్చుకుంటారు.

కానీ ఆయనకొక మంచి అలవాటు ఉండేది. ఎన్ని రంగుల పెళ్లికార్డు అయినా, ప్రెస్సుకు పంపేముందు దాన్ని మా పాత జిరాక్స్ మెషీన్ మీద పెట్టి నలుపు తెలుపులో ఒక కాపీ తీసేవారు. ఆ కాపీలో ముహూర్తం, ఊరు, ఫంక్షన్ హాలు పేరు చదవగలిగితేనే కార్డు పాస్. బంగారు రంగు అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నా జిరాక్స్‌లో మాయమైతే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

ఒకసారి విసుగొచ్చి, కార్డు రంగుల్లోనే అచ్చవుతుంది కదా సార్, జిరాక్స్ ఎవరు చూస్తారని అడిగాను.

“కార్డు సదివేది పెండ్లికొడుకు కాదమ్మా. బస్సు దిగి తొవ్వ దేవులాడుకునే ముసలాయన. ఆయన చేతికొచ్చేసరికి అది ఎట్లయితదో నీకెరుకనా, నాకెరుకనా?” అన్నారు.

అప్పుడు తలూపాను. తలూపడం వేరు, బుర్రకెక్కడం వేరు అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

వచ్చి పోయిన పేర్లు

వెబ్ పేజీల పనిలోకి వచ్చాక నాకు అర్థమైన మొదటి విషయం, మా కస్టమర్లకు కదిలేది కావాలి. పేజీ ఎంత శుభ్రంగా ఉన్నా, కదలకపోతే వాళ్ల దృష్టిలో పని కాలేదన్నట్టే. ఆ రోజుల్లో, పేజీ ఎలా కనిపించాలో బ్రౌజర్‌కు చెప్పే సీఎస్ఎస్ అనే భాషలోకి కీఫ్రేములు వచ్చాయి. నాకైతే పండగే.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. సీఎస్ఎస్‌లో కదలికను రెండు చోట్ల రాస్తాం. ఒకచోట ఆ కదలిక ఎలా సాగాలో రాసి దానికొక పేరు పెడతాం. మొదట్లో ఎలా ఉండాలి, మధ్యలో ఎలా, చివరికి ఎలా అని మజిలీలు చెప్తే చాలు, నడుమ దారి బ్రౌజర్ చూసుకుంటుంది. ఆ మజిలీలే కీఫ్రేములు. ఇక రెండోచోట, పేజీలో ఏది కదలాలో దానికి ఆ పేరు తగిలిస్తాం. ఎన్ని సెకన్లు నడవాలి, ఎన్నిసార్లు నడవాలి అన్నది అక్కడే చెప్తాం. ఒకసారి పేరు పెట్టిన కదలికను పది వస్తువులకైనా తగిలించుకోవచ్చు.

పేరు మాత్రం కదలికను బట్టి పెట్టండి, వస్తువును బట్టి పెట్టకండి. నేను మొదట్లో ఒకదానికి ‘పెళ్లికూతురు’ అని పెట్టాను. నెల తిరక్కుండానే అదే కదలికను ఒక క్యాటరింగ్ పేజీలో గుత్తివంకాయ ఫోటోకు తగిలించాల్సి వచ్చింది.

సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు యజమానికి పేజీ చేసిచ్చాను. తెరవగానే ఆ రోజు పెళ్లి ఎవరిదో, వధూవరుల పేర్లు మెల్లగా తేలి రావాలి. చేశాను. గంటలోపే ఫోన్ వచ్చింది.

“మేడమ్, పేర్లు వస్తున్నయ్, మళ్ల పోతున్నయ్. సుట్టాలు సదివే లోపట్నే మాయమైతున్నయ్. పిల్ల తండ్రి మొకం ముడుచుకుంటున్నడు.”

పేర్లను ముందు కనిపించకుండా దాచిపెట్టి, యానిమేషన్‌తో పైకి తెచ్చాను. యానిమేషన్ అయిపోగానే వస్తువు తన మామూలు స్థితికి పోతుంది. నేను పెట్టిన మామూలు స్థితి దాగి ఉండటం కాబట్టి మళ్లీ దాక్కుంది. చివరి మజిలీలోనే ఉండిపొమ్మని చెప్పే ‘ఫార్వర్డ్స్’ అనే మాట ఒకటుంది. అది చేర్చగానే పేర్లు నిలిచాయి. పిల్ల తండ్రి శాంతించాడు, నేను టీ తాగాను.

అసలు ఆ పేర్లను మొదట ఎందుకు దాచిపెట్టానని అప్పుడే నన్ను నేను అడుక్కోవాల్సింది. అడుక్కోలేదు. పని నడిచింది కదా అని అదే పద్ధతి అన్ని పేజీల్లో వాడుతూ పోయాను. మన పనిలో ప్రమాదం ఎక్కువగా ఇలాంటి నడిచిపోయిన పనుల్లోనే ఉంటుంది.

కోదాడ ర్యాంకులు

కోదాడలో ఒక స్కూలు కరస్పాండెంట్ తమ ర్యాంకర్ల ఫోటోలు గుండ్రంగా తిరగాలన్నాడు. రెండు చుట్లు తిరిగి ఆగితే బాగుంటుందని చెప్పి చూశాను.

“ఆగకూడదండీ మేడమ్. ఎదుటి స్కూలోళ్లవి ఆగి ఆగి తిరుగుతున్నాయి. మనవి అసలు ఆగకుండా తిరగాలి,” అన్నాడు.

ఎన్నిసార్లు అన్నచోట అనంతం అని రాసి ఇచ్చాను. పదకొండు మంది పిల్లలు పొద్దస్తమానం గిరగిరా తిరుగుతూనే ఉన్నారు. పది రోజులకు ఆ స్కూలు లెక్కల టీచర్ సుశీల గారు నాకు ఫోన్ చేశారు.

“మీ పేజీ తెరిస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయండీ. చెవిలో ఏదో ఇబ్బంది ఉందని డాక్టరు ముందే చెప్పారు. అటెండెన్స్ వేయాలంటే ఆ పేజీలోంచే వెళ్లాలి. రోజూ ఒక చేత్తో పిల్లల మొహాలు మూసి, రెండో చేత్తో నొక్కుతున్నాను.”

ఆమె కోప్పడలేదు. అందుకే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. వెతికితే తెలిసింది, ఫోన్లలో ‘యానిమేషన్లు వద్దు’ అనే సెట్టింగ్ ఉంటుంది. అది పెట్టుకున్నవాళ్ల ఫోన్‌ను మన పేజీ గుర్తుపట్టి, కదలికలన్నీ ఆపేయగలదు. నాలుగు లైన్ల పని. కరస్పాండెంట్ ఫోన్‌లో పిల్లలు తిరిగారు, ఆ సెట్టింగ్ పెట్టించిన సుశీల గారి ఫోన్‌లో బుద్ధిగా నిలబడ్డారు.

ఆ రోజునుంచి నేను చేసిన ప్రతి పేజీలోనూ ఆ నాలుగు లైన్లు పెట్టాను. చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్లెవరికీ అది తెలియదని లోలోపల గర్వంగా కూడా ఉండేది.

మిర్యాలగూడ మిల్లు

మిర్యాలగూడ వైపు సన్న వడ్లను రైతులు ఆరబెట్టరు. కోత మిషన్ కోయగానే పచ్చివే ట్రాక్టర్లలో పోసుకుని మిల్లుకు తెస్తారు. ఆరబెట్టే డ్రయర్లు మిల్లులోనే ఉంటాయి. అందరూ ఒకేసారి వస్తే రోడ్డు పొడుగునా ట్రాక్టర్లే కాబట్టి ముందు టోకెన్ ఇస్తారు, టోకెన్ తేదీని బట్టి కోత పెట్టుకుంటారు. కోసిన పచ్చి వడ్లు ట్రాలీలో కుప్పగా ఉండిపోతే లోపల వేడెక్కి గింజ రంగు తిరుగుతుంది. రంగు తిరిగిన గింజను సన్నవడ్ల కింద ఎవరూ తీసుకోరు.

అక్కడి ఒక మిల్లు మేనేజర్ యాదగిరి నాకు టోకెన్ల పేజీ పని ఇచ్చాడు.

“పొద్దందాక ఫోన్లే మేడమ్. మిల్లు నడుస్తున్నదా, రమ్మంటరా అని. అంత నెట్ల పెట్టేస్తే నేను జర అన్నం దినే టైమన్న దొరుకుతది,” అన్నాడు.

టోకెన్ చీటీ మీద పేజీ లింకు అచ్చు వేయించాడు. కోతకు ముందురోజు పేజీ చూసుకోవాలని ప్రతి రైతుకూ చెప్పాడు. ఆ పేజీలో పైన మిల్లు పేరు, దాని కింద నోటీసు పెట్టె, ఆ కింద టోకెన్ల పట్టిక. నోటీసు మీదికి చూపు పోవాలని దాన్ని ముందు దాచి, ఒక సెకనులో కింది నుంచి పైకి తేలి వచ్చేలా చేశాను. ఫంక్షన్ హాలు పేర్లకు వాడిన కదలికే అది. కోదాడ నాలుగు లైన్లు కూడా అలవాటుగా పెట్టాను. యాదగిరికి ఎంతో నచ్చింది. నోటీసు లేచి రావడం చూడటానికే పేజీని మళ్లీ మళ్లీ తెరిచేవాడు.

రెండు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు డ్రయర్ చెడిపోయింది. మర్నాడు, ఆ తెల్లారి మిల్లు బంద్, ఆ టోకెన్లున్నవాళ్లు కోతలు ఆపుకోవాలి అని యాదగిరి నోటీసు పెట్టాడు. అయినా మర్నాడు మధ్యాహ్నం ఒక ట్రాక్టర్ గేటు ముందుకొచ్చి నిలబడింది. అతను నాకు ఫోన్ చేశాడు.

“సైదమ్మ అని, నేరేడుచర్ల దిక్కు రైతు మేడమ్. నెట్ల నోటీసే లేదంటున్నది. జర సూడుండ్రి.”

నా ఫోన్‌లో చూశాను, కంప్యూటర్‌లో చూశాను. నోటీసు ఎర్రగా, నిండుగా లేచి నిలబడింది.

“మంచిగనే కనిపిస్తున్నది యాదగిరన్నా. ఆమె సూసి ఉండదు. సూడకుండ కోయించుకొని ఇప్పుడు గట్లంటున్నదేమో,” అన్నాను.

చాలా తేలిగ్గా అన్నాను. అవతల మనిషి పేరు తప్ప నాకేమీ తెలియదు, ఆమె ఫోన్ నేను చూడలేదు. నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు కోడ్‌లో లేదు, ఆ మాటలో ఉంది.

సాయంత్రానికి ఇంకో రెండు ట్రాక్టర్లు వచ్చాయి. అవీ నేరేడుచర్ల వైపువే. నోటీసు లేదనే వాళ్లూ అంటున్నారని యాదగిరి మళ్లీ చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాను.

ట్రాలీ దగ్గర

సైదమ్మది నా ఈడే. ట్రాలీ చక్రం పక్కన కూర్చుని ఉంది. యాదగిరి నన్ను చూపించి ‘నెట్ పని మేడమ్’ అని చెప్పగానే లేచి నిలబడింది.

“నువ్వేనా నిన్న ఫోన్ల మాట్లాడింది?”

అవునన్నాను.

“సారు స్పీకర్ పెట్టిండు. నేను గీడనే ఉన్న. సూసి ఉండదు అన్నవ్.”

ఆమె నా చెయ్యి పట్టుకుని ట్రాలీలో వడ్ల కుప్పలోకి తోసింది. పైన చల్లగానే ఉంది. మోచేతి దాకా పోయేసరికి లోపల వెచ్చగా కాదు, వేడిగానే తగిలింది.

“కౌలు చేను ఇది. వడ్లు ఖరాబ్ జేసిందని పేరొస్తే వచ్చే ఏడు ఆసామి నాకు చేనియ్యడు. నేను ఇంకేం జేసుకొని బతకాలె?” అంది.

“ఫోన్ ఒక్కసారి సూపిస్తవా అక్కా,” అన్నాను.

పాత ఫోన్. పేజీ తెరిచి నా చేతికిచ్చింది. మిల్లు పేరు ఉంది. కింద టోకెన్ల పట్టిక ఉంది. రెంటి మధ్య తెల్లటి ఖాళీ. నోటీసు పట్టేంత ఖాళీ.

“గింత జాగ ఉత్తగ ఎందుకిడిసిండ్రని మొన్ననే అనుకున్న. అడుగుదామని మూడుసార్లు ఫోన్ జేసిన, సారు ఎత్తలే,” అంది సైదమ్మ.

యాదగిరి తల వంచుకున్నాడు. పేజీ వచ్చాక అతను ఫోన్లు ఎత్తడం మానేశాడు. పేజీ పెట్టించుకున్నదే అందుకు.

ఆమె ఫోన్ సెట్టింగులు తెరిచాను. యానిమేషన్లన్నీ బంద్ చేసి ఉన్నాయి. ఎవరు చేశారంటే, ఫోన్ మెల్లగా నడుస్తోందని నేరేడుచర్లలో ఫోన్లు బాగుచేసే షఫీకి ఇచ్చానని చెప్పింది. మిగతా ఇద్దరు రైతులూ తమ ఫోన్లు అతనికే ఇచ్చారట. అక్కడినుంచే అతనికి ఫోన్ చేశాను.

“అవు మేడమ్, పాత ఫోన్లు జల్దీ నడవాలంటే ఫస్ట్ గదే బంద్ జేస్త. నా దగ్గరికొచ్చిన ప్రతి ఫోన్‌కు జేస్త, కస్టమర్లు ఖుష్ అయితరు. ఏమన్న పరేషాన్ అయ్యిందా?” అని అడిగాడు.

అతను చేసింది తప్పేమీ కాదు. నా నాలుగు లైన్లు ఆ ఫోన్లను చూసి, వీళ్లకు కదలికలు వద్దనుకుని యానిమేషన్ ఆపేశాయి. నోటీసును దాచింది నేను, పైకి తేవాల్సింది ఆ యానిమేషన్. అది నడవకపోతే నోటీసు దాగిన చోటే ఉండిపోతుంది. సూర్యాపేటలో అడుక్కోని ప్రశ్నా, కోదాడలో నేర్చుకున్న మంచిపనీ కలిసి ఇక్కడ ఈమె ట్రాలీలో వేడెక్కాయి.

రెండు లైన్లు

మిల్లు ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని రెండు లైన్లు మార్చాను. నోటీసు మామూలుగా కనిపించేలా పెట్టాను. దాగి ఉండటం అన్నది కీఫ్రేముల్లో మొదటి మజిలీలో మాత్రమే రాశాను. ఇప్పుడు కదలిక నడిస్తే నోటీసు తేలి వస్తుంది, నడవకపోతే ఊరికే తన చోట తానుంటుంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రభాకర్ సార్ జిరాక్స్ మెషీన్ గుర్తొచ్చింది. రంగులు తీసేసి చదవగలమా అని ఆయన చూసేవారు. కదలికలు తీసేసి కనిపిస్తుందా అని నేను ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

యాదగిరి గొంతు తగ్గించి నా పక్కకొచ్చాడు.

“సర్వర్ ప్రాబ్లం అందాం మేడమ్. సర్వర్ అంటే ఎవ్వరు అడగరు.”

నిజం చెప్తున్నాను, ఆ మాట నాకు తీపిగానే వినిపించింది. అంత పెద్ద మిల్లు పని అప్పటికి నాకు ఇంకోటి లేదు. అనేసేదాన్నేమో. కిటికీలోంచి చూస్తే సైదమ్మ చీరకొంగు నడుముకు చుట్టుకుని, ట్రాలీ ఎక్కి రెండు చేతులతో వడ్లు తిరగేస్తోంది. చల్లబడతాయని ఆశ.

మిల్లు ఓనర్ దగ్గరికి పోయాను, సైదమ్మనూ మిగతా ఇద్దరు రైతులనూ లోపలికి పిలిపించమన్నాను. వాళ్ల ముందే చెప్పాను. “వీళ్లు సూసిండ్రు. నోటీసు వీళ్ల ఫోన్లల్ల రాలేదు. తప్పు నాది. నిన్న ఈమె సూడలేదని నేనన్నది కూడ తప్పే.”

ఓనర్ యాదగిరి వైపు తిరిగి, వెనకాల సిమెంటు గచ్చు ఖాళీ చేయించి వీళ్ల వడ్లు పరిపించమన్నాడు. మధ్యాహ్నం దాకా అందరం వడ్లు పలచగా నెరిపాం. నాకు ఆ పని చేతకాదు. సైదమ్మ రెండుసార్లు నా చేతిలోంచి పార లాక్కుని ఎలా లాగాలో చూపించింది.

మిగతా ఇద్దరివీ పెద్దగా చెడలేదు. సైదమ్మవి వాళ్లకంటే ముందే, ముందురోజు మధ్యాహ్నం నుంచీ కుప్పలో ఉన్నాయి కాబట్టి పైవీ పక్కలవీ నిలబడ్డాయి, నడిమివి రంగు తిరిగాయి. వాటిని వేరే కుప్ప పోయించారు. ఆమె నష్టపోయింది. నేను ఇవ్వగలిగింది ఇచ్చాను, అది సరిపోయిందని చెప్పుకోను. చేను ఆసామి ఆ రంగు తిరిగిన కుప్ప సంగతి విని నెల రోజులు ఏ మాటా చెప్పకుండా నానబెట్టాడు. యాదగిరిని వెంటబెట్టుకుని వెళ్లి జరిగింది ఆయనకూ చెప్పి వచ్చాను. చివరికి చేను ఆమెకే ఇచ్చాడు.

బల్ల మీది పాత ఫోన్

షఫీ దగ్గర ఒక పాత ఫోన్ తెచ్చుకున్నాను, యానిమేషన్లు బంద్ చేసి ఇమ్మని. అది నా బల్ల మీద ఉండేది. ఏ పేజీ అయినా ముందు అందులో తెరిచి, కదలకుండా కూడా అన్నీ కనిపిస్తున్నాయో లేదో చూసేదాన్ని. ఆ తర్వాతే కదలికలు రాసేదాన్ని. దుకాణంతో పాటు ఆ ఫోన్ కూడా కొత్తవాళ్లకు అప్పగించాను. వాళ్లు దాన్ని మూలన పడేస్తారేమోనని నాకు అనుమానమే.

కదలికలు మానేయమని నేను చెప్పను. నాకూ ఇష్టమే అవి. కోదాడ పిల్లలు ఇప్పటికీ గిరగిరా తిరుగుతున్నారు. కానీ ఎవరైనా ‘నాకు కనిపించలేదు’ అంటే, మీ ఫోన్ తీసి చూసుకుని వాళ్లను తప్పుపట్టకండి. వాళ్ల ఫోన్ అడగండి.

నేను ఇంకో పని కూడా చేసేదాన్ని. ప్రతిసారీ కోతల ముందు మిల్లు పేజీ సిద్ధం కాగానే ఒక ఉత్తుత్తి నోటీసు పెట్టి సైదమ్మకు ఫోన్ చేసి, చదివి వినిపించమనేదాన్ని. మొదటిసారి ‘సదువుత గని, నాకేం పని లేదనుకున్నవా’ అంది. అయినా చదివింది. తర్వాత తర్వాత నేను చేయకముందే తనే చేసి, ఇంకా పెట్టలేదేందని అడిగేది.

దుకాణం అప్పగించే ముందు చివరిసారి కూడా చేశాను. మిల్లు పేరు నుంచి టోకెన్ల పట్టిక దాకా మొత్తం చదివింది.

“ఖాళీ జాగ ఏమన్న ఉన్నదా అక్కా?” అని అడిగాను.

“లేదు. ఉంటే చెప్తగద,” అంది. మళ్లీ తనే, “చెప్తే నమ్ముతవా?” అంది.

నమ్ముతానని చెప్పాను.